ఇంట్లో ఎవరూ లేరు

కుర్చీల కొట్టు నుంచి,
ఎండలు తగ్గుతున్న రోజులు

చెల్లెలికి అన్నయ్య దీవించి రాయునది.

ముందు నా రాతకి క్షమించు. నా అక్షరాలు కోడి కెలికినట్టుంటాయని నీకు తెలుసు. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తెలియదు, తోచిన చోట పెట్టేస్తాను. ‘నీ పలక చూస్తే నా కళ్లు పోతాయిరా’ అని మా పంతులుగారు నన్ను గోడవైపు తిప్పి కూర్చోబెట్టేవారు. ఫోను చేద్దామంటే అవతల మనిషి ఊపిరి వినబడగానే నాకు మాట ఆగిపోతుంది. అందుకని ఉత్తరం.

చేతిమీద కాలినచోట కొత్త చర్మం వచ్చిందా? నీ చిన్ననాటి స్నేహితురాలు నర్సు కావడం మన అదృష్టం. ఆవిడ ఇంట్లో ఉన్నావని నాకు ధైర్యం.

ఇంటి సంగతి. ఇన్సూరెన్సు వాళ్ల జవాబు వచ్చింది. డబ్బు ఇవ్వం అన్నారు. వంటగదీ, దాని పక్క గదీ కప్పు లేకుండా ఆకాశం చూస్తున్నాయి. వానలు పడితే మిగిలిన గోడలు కూడా కూర్చుంటాయని మేస్త్రి అంటున్నాడు. నా చేతిలో ఏముంది? పాత కుర్చీలకి పేము అల్లితే వచ్చేది నా పొట్టకే చాలీచాలదు. ఇల్లు లేకపోతే నిన్ను ఎక్కడికి రమ్మనను? మీ వదిన పోయినప్పట్నుంచీ కొట్టులో పేము కట్టల మధ్య నేనే కాళ్లు ముడుచుకుని పడుకుంటున్నాను.

నువ్వు బెంగపెట్టుకోకు. ఏదో ఒకటి చూస్తాను.

ఇట్లు,
అన్నయ్య


నర్సు ఇంటి మేడగది,
మొదటి వాన పడ్డాక

అన్నయ్యా,

నీ అక్షరాలు బాగానే ఉన్నాయి. ‘ఇన్సూరెన్సు’కి నువ్వు పెట్టిన ఒత్తులు చూసి నర్సు నవ్వింది. ‘ఇదేం ఒత్తులే, రైలు పెట్టెల్లా వేలాడుతున్నాయి’ అంది.

చెయ్యి నయమవుతోంది. వేళ్లు ముడుస్తున్నాను. సూది పట్టుకోగలుగుతున్నాను.

ఇవ్వం అన్నారని రాశావు. ఎందుకివ్వరో రాయలేదు. ఫ్రిజ్ వైరు కాలి నిప్పంటుకుంది. మనం అంటించింది కాదు. వదినగారు ఉన్నప్పుడు చేయించిన పాలసీ, ఒక్క ఏడు తప్పకుండా కడుతూ వచ్చావు. ఏ కారణం చెప్పారు? నర్సు తమ్ముడు వకీలు. కాస్త ఆత్రం మనిషి కానీ మంచివాడు. కారణం తెలిస్తే చూస్తానంటున్నాడు.

ఇంకో సంగతి. మీ బావగారు ఎవరి చేతో కబురు పంపారు. ‘ఇల్లు కూడా కాలిందిగా, ఇప్పటికైనా బుద్ధొస్తే రమ్మను’ అన్నారట. నలభై ఏళ్లు వంటింటి అలమారాకి తాళం వేసి, చెవి జేబులో పెట్టుకుని, పంచదార గరిటెతో కొలిచి ఇచ్చిన మనిషి. నేను వెళ్లను. కానీ నర్సు ఎంత స్నేహితురాలైనా ఎన్నాళ్లు ఆవిడ మేడగదిలో ముడుచుకుని ఉండను? నాకంటూ ఉన్నది నువ్వు ఇచ్చిన ఆ రెండు గదులే అన్నయ్యా. అది నిలబడితేనే నేను నిలబడతాను. అందుకే అడుగుతున్నాను, దాచకుండా రాయి.

చెల్లెలు


కుర్చీల కొట్టు నుంచి,
వానలు

చెల్లీ,

కారణం ఏమంత లేదు. ఇల్లు నెల రోజులకి మించి మనుషులు లేకుండా ఖాళీగా ఉంటే, ముందుగా వాళ్లకి తెలియజేయకపోతే, పాలసీ చెల్లదట. చిన్న అక్షరాల్లో ఉందట. అంత చిన్న అక్షరాలు నేనెక్కడ చదవగలను?

పెద్ద కంపెనీలతో మనకెందుకు? వకీలుగారిని శ్రమపెట్టొద్దు. టార్పాలిన్ కొని గోడల మీద కప్పాను. గాలికి ఎగిరిపోతుంటే వీధిలో వెల్డింగు పనివాడు వచ్చి తీగలతో కట్టాడు. ‘తాతా, ఇదేం ఇల్లా, తెరచాప పడవా?’ అన్నాడు.

నువ్వు మందు రాసుకుంటూ ఉండు.

అన్నయ్య


నర్సు ఇంటి మేడగది,
ముసురు

అన్నయ్యా,

ఖాళీ ఇల్లా?

మరి నేనేమిటి? సామానా? ఏడాదికి పైగా ఆ ఇంట్లో వండుకు తిన్నాను. బట్టలుతికి ఆరేసుకున్నాను. అద్దంలో చూసి తల దువ్వుకున్నాను. ఖాళీ ఇంట్లో ఎవరి చెయ్యి కాలింది?

వకీలుకి నీ ఉత్తరం చదివి వినిపించాను. ఎగిరి గంతేశాడు. ‘అక్కయ్యా, మనిషి ఉంటే ఇక గొడవే లేదు, గెలిచినట్టే’ అన్నాడు. కాసేపటికి కూర్చుని గడ్డం గోక్కున్నాడు. ‘కానీ కాలిన ఇల్లు చూడ్డానికి కంపెనీ పంపే సర్వేయరు గాల్లోంచి రాయడు. ఇంటి యజమాని చెప్పిందే రాసుకుని సంతకం పెట్టించుకుంటాడు. మీ అన్నయ్య ఏం చెప్పారో కనుక్కోండి. ఆయనే ఖాళీ అని చెప్పి, ఇప్పుడు కాదంటే, డబ్బు కోసం మాట మార్చారంటారు. దొంగ క్లెయిమ్ అని మొత్తానికే ఎసరు పెడతారు’ అన్నాడు.

నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు సర్వేయరు వచ్చాడన్నావు. అంతే అన్నావు.

ఏం చెప్పావన్నయ్యా?

చెల్లెలు


కుర్చీల కొట్టు నుంచి

చెల్లీ,

ఈ ఉత్తరం మొదలుపెట్టి చించేశాను. మళ్లీ రాస్తున్నాను. దస్తూరీ వంకర పోతే ఏమనుకోకు.

సర్వేయరు కుర్రవాడే. మర్యాదస్తుడు. బూట్లు బయట విప్పి బూడిదలోకి వచ్చాడు. ఫొటోలు తీసుకున్నాడు. విరిగిన తాళం కప్ప గుమ్మం దగ్గర పడి ఉంటే తీసి చూశాడు. ‘ముందు తలుపుకి బయట తాళం వేసి ఉందా పెద్దాయనా?’ అన్నాడు. ఉందన్నాను. ‘ఇంట్లో ఎవరుంటారు?’ అన్నాడు. పక్కింటివాళ్లు గోడ మీంచి చూస్తున్నారు. వెల్డింగు పనివాడు, పాలకొట్టు ఆవిడ, ఇంకా ఎవరెవరో వీధిలో నిలబడి ఉన్నారు.

‘ఎవరూ లేరండీ’ అన్నాను.

ఆలోచించి అన్నది కాదు. చిన్నప్పుడు నాన్న పనికి వెళ్తే ఎవరైనా వచ్చి తలుపు కొట్టినప్పుడు అమ్మ లోపల్నుంచి ‘ఇంట్లో ఎవరూ లేరండీ’ అనేది కదా. పక్కన నువ్వూ నేనూ, ఒళ్లో తమ్ముడూ ఉండేవాళ్లం. పొయ్యి మీద ఎసరు మరుగుతుండేది. అయినా ఎవరూ లేనట్టే. నోటికి ఆ మాటే వచ్చింది. రాసుకున్నాడు, సంతకం పెట్టాను.

అది సాకని నాకు తెలుసు. సిగ్గు పడ్డాను. అరవై దాటిన చెల్లెలు మొగుణ్ని వదిలేసి వచ్చి ఉందని నలుగురి ముందు చెప్పలేకపోయాను. నువ్వు వచ్చిన కొత్తలో అడిగినవాళ్లకి కళ్లు చూపించుకోవడానికి వచ్చింది, వెళ్లిపోయింది అని చెప్పాను. ఆ మాట నిలబెట్టడానికే బయట తాళం వేసి, నిన్ను వెనక తలుపున తిరగమన్నాను. నువ్వు ఎదురు చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం మంట వెనక తలుపు దగ్గరే పుట్టింది. నువ్వు ముందుకి వచ్చి తలుపు బాదుతున్నావు. నేను తాళంచెవి చేతిలో పట్టుకుని కొట్టు నుంచి పరుగెత్తుకొచ్చేసరికి వెల్డింగు పనివాడు సమ్మెటతో తాళం పగలగొడుతున్నాడు. ఆ చప్పుడు నా తలలోంచి పోవడం లేదు.

ఇంతకన్నా రాయలేను.

అన్నయ్య


నర్సు ఇంటి మేడగది,
ఎండ పొడ కనబడ్డ రోజు

అన్నయ్యా,

వెంటనే జవాబు రాస్తే ఏం రాసేదాన్నో! అందుకే ఆగాను.

తాళం సంగతి నాకు కొత్త కాదు. నువ్వు వేస్తానన్నావు, నేను తలాడించాను. నీ ఇల్లు, నీ పరువు, నాకో చోటు దొరికింది, ఇంకేం కావాలనుకున్నాను. అందులో నా వాటా నాకు ఉంది.

కానీ తాళం బద్దలయ్యాక కూడా లేనన్నావే. నన్ను బయటికి లాగి, స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, వీధి వీధంతా చూస్తుండగా తీసుకెళ్లారు. చేతికి కట్టు కట్టించుకుని, కళ్లు మూసినా మంటే కనబడుతూ నేను ఆసుపత్రిలో ఉంటే, నువ్వు బూడిదలో నిలబడి ఎవరూ లేరన్నావు.

మీ బావగారు పంచదార కొలిచి ఇచ్చేవారు, నిజమే. కానీ ఇంట్లో ఎవరున్నారని ఎవరైనా అడిగితే ‘మా ఆవిడ ఉంది’ అనేవారు.

ఇది చదివి నువ్వు ఏడుస్తావని తెలుసు. ఏడువు. నేను కూడా ఏడ్చాను. నర్సు టీ పెట్టి తెచ్చి, ‘తాగి మళ్లీ మొదలుపెట్టు’ అంది.

వకీలు చెప్పిన మాట రాస్తున్నాను. ఇలాంటి తగాదాలు వినడానికి ఒక అధికారి ఉంటారట. అక్కడ ఫిర్యాదు ఇవ్వాలి. కాగితాలు తను తయారు చేస్తాడు. వాళ్లు పిలిచినప్పుడు నువ్వు వెళ్లి, సర్వేయరుకి తప్పు చెప్పానని ఒప్పుకుని, నిజం చెప్పాలి. వెల్డింగు పనివాణ్ని సాక్షిగా తీసుకెళ్లాలి. నేను కూడా వచ్చి చెబితే కేసు గట్టిపడుతుందన్నాడు.

నేను రాను. కనీసం ఆ ఇంట్లో ఉండేదాన్నని కాగితం మీద సంతకం కూడా ఇప్పుడు పెట్టను. వకీలు జుట్టు పీక్కుంటున్నాడు, పీక్కోనీ. నేను వచ్చి నిలబడితే నన్ను నేను చూపించుకున్నట్టవుతుంది. ఈసారి చూపించాల్సింది నువ్వు. ముందు నువ్వు చెప్పు. తరవాత నా సంతకం ఎంత కావాలంటే అంత.

చెల్లెలు


కుర్చీల కొట్టు నుంచి,
చలి మొదలు

చెల్లీ,

నిన్న పిలిచారు. వెళ్లొచ్చాను. జరిగింది జరిగినట్టు రాయమని వకీలుగారు చెప్పారు. అక్కడ ఆయన నా పక్కనే ఉన్నారు కానీ, తరవాత నువ్వు అడిగితే నేను సిగ్గుపడి సగం మింగుతానని భయమట.

గది చిన్నది. కుర్చీలు ప్లాస్టిక్కువి. అధికారి ఒక ఆవిడ, కళ్లద్దాలు, జలుబు చేసినట్టుంది. కంపెనీ తరఫున ఒక లాయరు. పక్కన గుమాస్తా టైపు కొడుతున్నాడు.

ముందు వెల్డింగు పనివాణ్ని అడిగారు. ‘తాళం పగలగొట్టాను, పెద్దావిడని బయటికి లాగాను’ అన్నాడు. కంపెనీ లాయరు లేచి ‘ఆవిడ ఆ పూట చూడ్డానికి వచ్చి ఉండొచ్చుగా? అక్కడే కాపురం ఉంటోందని నీకెలా తెలుసు?’ అన్నాడు. వీడు నోరు తెరిచి నావైపు చూసి మళ్లీ మూసుకున్నాడు.

తరవాత కంపెనీవాళ్లు కరెంటు మీటరు చూసే అతన్ని పిలిచారు. వాళ్ల సాక్షి. మీటరు మన పక్క సందులో ఉంది కదా. లాయరు అడిగాడు, ‘నువ్వు వెళ్లినప్పుడల్లా ఆ ఇంటి పరిస్థితి ఏమిటి?’

‘ముందు తాళం ఉండేదండీ. సందులోకి వెళ్లి కేకేస్తే ఇంట్లో ఎవరూ లేరు అనేవాళ్లండీ.’

‘విన్నారా మేడమ్? ప్రతిసారీ ఎవరూ లేరు’ అని లాయరు కూర్చున్నాడు.

ఆవిడ ముక్కు తుడుచుకుని, ‘బాబూ, ఆ మాట ఎవరు అనేవాళ్లు?’ అంది.

‘లోపల్నుంచి ఒకావిడ అనేదండీ.’

గుమాస్తా టైపు కొట్టడం ఆపి నవ్వాడు. వెల్డింగు పనివాడు పడీ పడీ నవ్వాడు. లాయరు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. నువ్వు కూడా అమ్మలాగే చెప్పేదానివన్నమాట. నాకు నవ్వు రాలేదు.

లాయరు మళ్లీ లేచాడు. ‘ఆ గొంతు ఎవరిదైనా కావచ్చు మేడమ్. ఒక్క ప్రశ్న. ఇంట్లో మనిషి కాపురం ఉంటే బయట తాళం ఎవరు వేస్తారు?’

ఆవిడ నావైపు తిరిగింది. ‘చెప్పండి పెద్దాయనా. తాళం ఎవరు వేశారు?’

‘నేనండీ.’

‘లోపల ఎవరున్నారు?’

‘చెల్లెలు’ అన్నాను. గుమాస్తా ‘గట్టిగా చెప్పండి, వినబడలేదు’ అన్నాడు. మళ్లీ చెప్పాను. ‘సొంత చెల్లెలా, వరసకా?’ అన్నాడు. ‘మా చెల్లెలు. మా అమ్మ కడుపున పుట్టింది. మొగుడి దగ్గర ఉండలేక వచ్చేసింది. నా ఇంట్లో ఉంటోంది’ అన్నాను. ఈసారి ఎక్కువైనట్టుంది, తలుపు దగ్గర నిలబడ్డవాళ్లు కూడా ఇటు తిరిగారు.

‘మరి సర్వేయరుకి ఎవరూ లేరని ఎందుకు చెప్పారు?’ అంది ఆవిడ.

‘సిగ్గేసిందమ్మా’ అన్నాను.

‘దేనికి సిగ్గు?’

నిలబడే ఉన్నాను. వకీలుగారు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. ఆ ప్రశ్నకి ఏం చెప్పాలో ఇప్పటికీ తెలియలేదు చెల్లీ. నువ్వు దొంగతనం చేసి వచ్చావా, కొట్లాడి వచ్చావా? నీ సంగతికి నేనెందుకు సిగ్గుపడ్డానో నాకే తెలియదు. ఇప్పుడు పడుతున్న సిగ్గు దేనికో మాత్రం తెలుసు.

బయటికొచ్చాక వెల్డింగు పనివాడు భుజం మీద చెయ్యేసి, ‘తాతా, నీ నోట ఇన్ని మాటలు ఒక్కసారే ఎప్పుడూ వినలేదు. ఇంకో ఏడాదికి సరిపడా ఖర్చు పెట్టేశావు’ అన్నాడు.

ఏం జరుగుతుందో తెలియదు. రాస్తామన్నారు.

అన్నయ్య


నర్సు ఇంటి మేడగది

అన్నయ్యా,

సంతకం పెట్టి కాగితం వకీలుకి ఇచ్చేశాను. అందులో చిరునామా అడిగితే నీ ఇంటిదే రాశాను. కప్పు లేదని తెలుసు. అయినా అదే రాశాను.

మీటరు అతనికి నేను అలా చెప్పేదాన్నని నాకే గుర్తులేదు. నర్సుకి చదివి వినిపిస్తే కడుపు పట్టుకుని నవ్వింది. నేను కూడా నవ్వాను. నిన్ను ఒక్కణ్నే అంటూ వచ్చాను. నా నోటికి కూడా అదే అలవాటు.

కోపం పోయిందా అంటే పోలేదు. తగ్గిందా అంటే తగ్గింది.

చలికి మఫ్లర్ కట్టుకో.

చెల్లెలు


కుర్చీల కొట్టు నుంచి,
ఎండ హాయిగా ఉంది

చెల్లెలికి అన్నయ్య దీవించి రాయునది.

తీర్పు వచ్చింది. వకీలుగారు చదివి చెప్పారు. ఇంట్లో మనిషి కాపురం ఉన్నట్టు నమ్ముతున్నాం, కంపెనీ ఇవ్వాల్సిందే అన్నారు. మొదట తప్పు చెప్పినందుకు కొంత కోత పెట్టారు. న్యాయమే. ఇంకా పెట్టాల్సింది అనిపించింది. వకీలుగారికి చెబితే ‘మీరు ఊరుకోండి పెద్దాయనా, ఎవరైనా వింటారు’ అన్నారు.

అసలు సంగతి అది కాదు.

నిన్న పాలకొట్టు దగ్గర నిలబడ్డాను. నలుగురూ ఉన్నారు. ఇక దాచేదేముంది, నా నోటితోనే చెప్పేద్దామనుకున్నాను. ‘మా చెల్లెలు మొగుణ్ని వదిలేసి వచ్చి నా ఇంట్లోనే ఉంటోంది. మీ అందరికీ అబద్ధం చెప్పాను’ అన్నాను.

పాలకొట్టు ఆవిడ గిన్నెలోకి పాలు పోస్తూ పోస్తూ, ‘తెలుసు బాబాయిగారూ’ అంది.

‘ఎప్పట్నుంచి?’

‘ఆవిడ వచ్చిన వారానికే. నాకు జాకెట్టు కుట్టడం నేర్పింది ఆవిడే కదా. వెనక తలుపున వెళ్లేదాన్ని.’

పక్కింటామె అందుకుంది. ‘మా అమ్మాయికి లెక్కలు చెప్పింది. మీరు కొట్టు నుంచి వస్తుంటే మేం సందులోంచి జారుకునేవాళ్లం. మీకు తెలిస్తే సిగ్గుపడి చస్తారు, పాపం, తెలియనివ్వకండి అని ఆవిడే మాతో ఒట్టు వేయించుకుంది.’

వెల్డింగు పనివాడిక్కూడా తెలుసట. ఆవేళ గదిలో నావైపు చూసి నోరు మూసుకున్నది ఆ ఒట్టుకేనట. లోపల మనిషి ఉందని ముందే తెలుసు కాబట్టే సమ్మెట పట్టుకుని వచ్చాడట. మంటల హోరులో తలుపు బాదడం వినబడలేదు, తెలియకపోతే తాళం చూసి ఖాళీ ఇల్లే కదా అని నీళ్లు పోస్తూ నిలబడేవాణ్ని అన్నాడు.

ఆ మాట విని నేను వాడి రెండు చేతులూ పట్టుకున్నాను.

వీధి వీధంతా నువ్వున్నావని తెలిసి మసలుకుంది. తెలియనట్టు తిరిగినవాణ్ని నేనొక్కణ్నే. నలుగురూ ఏమనుకుంటారోనని నిన్ను దాచాను. ఆ నలుగురూ నీ పక్కన కూర్చుని టీ తాగి వెళ్లేవాళ్లు. నేను మాత్రం గుమ్మంలో కూరగాయల సంచీ పెట్టి, ఎవరైనా చూస్తారేమోనని లోపలికి రాకుండానే వెళ్లిపోయేవాణ్ని. ఏడాదిలో నీతో కూర్చుని ఒక్కసారి టీ తాగలేదు.

నేను సిగ్గుపడకుండా నువ్వు కాపాడావు. నిన్ను నేను ఏం కాపాడానో వెతుక్కుంటున్నాను.

మేస్త్రి రేపట్నుంచి కప్పు పని మొదలుపెడతాడు. ఇల్లు సగం నీ పేర రాయించమని వకీలుగారికి చెప్పాను. ఇది నిన్ను రప్పించడానికి కాదు. నువ్వు రాకపోయినా రాయిస్తాను. రమ్మని అడిగే ముఖం నాకు లేదు, అందుకే అడగడం లేదు.

కానీ పొద్దున లేస్తే ఆడవాళ్లందరూ కొట్టు ముందు ఆగి, ‘ఆవిడ ఎప్పుడొస్తుంది బాబాయిగారూ?’ అంటున్నారు. నేను పేము నానిందా లేదా అని తొట్టెలోకి చూస్తూ కూర్చుంటున్నాను. వాళ్లకి ఏం చెప్పమంటావో రెండు ముక్కలు రాయి. వస్తానన్నా సరే, రానన్నా సరే, ఉన్నదున్నట్టు చెబుతాను. ఆలస్యం చేయకు తల్లీ, వాళ్లు రేపు కూడా అడుగుతారు.

అన్నయ్య